కండలు తిరిగిన పాత కార్లకు ఏ రంగు అందం?



తెలుగు పాఠాలు చెప్పుకొనే మనిషికి కార్ల రంగులతో ఏమి పని అని మీలో కొందరు అనుకోవచ్చును. నాకు కారు లేదు, నడపడమూ రాదు. అయినా పాత కార్ల రంగుల విషయంలో నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. వాటిని తెలుగులో చెప్పబోయినప్పుడు ఎదురైన కొన్ని సంగతులు ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు కూడ పనికివస్తాయని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మజిల్ కారు అన్న పేరు అమెరికావారిది. కండలు తిరిగిన కారు అని దాని భావం. మధ్యరకపు ఇంటికారులో ఎనిమిది సిలిండర్ల పెద్ద యంత్రాన్ని బిగించి, చిన్న ఉద్యోగి కూడ కొనగలిగిన ధరకు అమ్మడం అందులోని కిటుకు. 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ వరస మొదలయినదని సాధారణంగా చెబుతారు. దాని యంత్రం 6.4 లీటర్లది. మన అంబాసిడరు యంత్రం ఒకటిన్నర లీటర్లది. ఈ పోలిక చాలు, ఇక యంత్రాల జోలికి పోను. నన్ను ఆకర్షించినది ఆ కార్ల ఒంటిమీది పూత.

1969 నుంచి 1971 వరకు డాడ్జ్, ప్లిమత్ అనే జంట కంపెనీలు తమ కార్లకు కళ్లు జిగేలుమనే రంగులు వేసి, వాటికి చిలిపి పేర్లు పెట్టాయి. ఊదారంగుకు డాడ్జ్ వారు పెట్టిన పేరు ప్లమ్ క్రేజీ. నారింజ వన్నెకు గో మ్యాంగో. అదే రంగును ప్లిమత్ వారు విటమిన్ సి అన్నారు. పసుపుకు లెమన్ ట్విస్ట్, టాప్ బనానా అన్నారు. మామిడి, నిమ్మ, అరటి, ప్లమ్ పండు! ఈ జాబితాను మొదటిసారి చదివినప్పుడు నాకు అమెరికా గుర్తుకు రాలేదు. చీరల అంగడిలో మా అమ్మ గుర్తుకు వచ్చినది. వంగపండు రంగు, ఉల్లిపొర రంగు, మెంతిరంగు, చింతపిక్క రంగు, కందిపప్పు రంగు అని ఆమె చీరలు దింపించేది. దుకాణదారు ఒక్కసారి కూడ పొరబడేవాడు కాడు. డెట్రాయిట్ నగరంలో జీతాలిచ్చి పెట్టించిన పేర్ల పద్ధతి మన ఆడవారికి ఎప్పటి నుంచో అలవాటే.

ఆ కార్ల చిత్రాలను ముందుంచుకొని ఒక్కొక్క రంగుకు తెలుగు పేరు పెట్టడం కొంతకాలం నాకు కాలక్షేపంగా ఉండేది. కొన్ని తేలికగా కుదిరాయి. 1969 కెమారో మీద వేసిన మండే నారింజ వన్నె మోదుగుపువ్వు రంగు. హోళీ నాటికి రాజురా నుంచి ఆసిఫాబాదు వైపు వెళ్లినవారికి ఆ రంగును వేరే వివరించనక్కరలేదు. ఫోర్డ్ వారి గ్రాబర్ బ్లూ అనే నీలం నాకు పాలపిట్ట రెక్క విప్పినప్పుడు కనిపించే నీలం. పిట్ట వాలి కూర్చున్నప్పుడు ఆ రంగు సగం దాగిపోతుంది. కారు ఎండలోకి వచ్చినప్పుడు మాత్రమే పూర్తిగా తెలిసే రంగు అది. లైమ్ లైట్ అన్న ఆకుపచ్చ సాక్షాత్తు చిలకపచ్చ. పాంథర్ పింక్ అన్నది మన రాణీరంగు. ఎందుకో ఆ రంగు కారు మీద నాకు నచ్చదు, పట్టుచీర అంచుకు దానిని మించినది లేదు.

అన్నింటికంటే నాకు ఇష్టమైనది, చెప్పడానికి కష్టమైనది ప్లమ్ క్రేజీ. వంగపండు అందామా? అది ఇంకా ముదురు, కొంచెం నలుపు కలిసినది. నేరేడు అందామా? నేరేడుపండు తొక్క దాదాపు నల్లనిది. చివరకు తేలినదేమంటే, ఆ కారు రంగు నేరేడు తిన్న నాలుక రంగు. పొడవాటి ముక్కు, వెడల్పాటి తుంటి, నేలకు వంగిన నడుము గల 1970 ఛాలెంజర్ కారుకు ఆ రంగు వేస్తే, పండ్లు దొంగిలించి తిని నోరు మూసుకొని నిలబడిన పెద్ద పిల్లవాడిలా ఉంటుంది. ఇది నా అభిరుచి. మీకు నచ్చకపోవచ్చును.

ఇక మన దేశపు సంగతి. మన దగ్గర అసలైన మజిల్ కారు తయారు కాలేదు. అయితే ఆ పోలిక గల కారు ఒకటి ఉండేది. హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సా. 1984 నుంచి 2002 వరకు తయారయినది. ఇంగ్లండులోని వాక్సాల్ వారి పాత నమూనా దానికి మూలం. నాలుగు దీపాలు, చదునైన పొడవు ముక్కు, వెనుక చక్రాల పైన ఉబ్బిన రేకు. చూపులకు వస్తాదు. మొదట్లో దానికి అంబాసిడరు యంత్రాన్నే పెట్టారు. వస్తాదు దేహంలో గుమాస్తా గుండె అన్నమాట. తరువాత ఇసుజు వారి 1.8 లీటర్ల యంత్రం వచ్చి పరువు నిలిపినది. ఇప్పుడు పాతకార్ల మోజు ఉన్న యువకులు దీనిని వెదికి తెచ్చి, రేకులు సరిచేయించి, మన మజిల్ కారు ఇదేనని ముచ్చటపడుతున్నారు.

అటువంటి కాంటెస్సా ఒకటి మా వైపుకు కూడ వచ్చినది. నా దగ్గర చదువుకొన్న అబ్బాయి ఒకడు గడ్చాందూర్ దారిలో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతున్నాడు. ఒక తెలుగు కుటుంబంవారు తమ ఇంటి పెద్దాయన ఒకప్పుడు కొన్న కారును అతనికి అప్పగించారు. ఏ రంగు వేయాలన్నది ఇంట్లో తేలలేదు. కొడుకు మెరిసే ఎరుపు అన్నాడు. కోడలు సిల్వర్ అన్నది. పెద్దాయన భార్య, కరీంనగర్ వైపు మనిషి, "పచ్చగుండాలె బిడ్డా, బాపుకు పచ్చనిదే ఇష్టం" అన్నదట. మా అబ్బాయి సరేనని ముదురు ఆకుపచ్చ నమూనా తీసి రేకుముక్క మీద పూసి చూపించాడు. ఆమె ఆశ్చర్యపోయి, "గిదేంది? నేను పచ్చగ అంటే గుమ్మడిపువ్వు తీరు అన్న" అన్నదట.

ఉపాధ్యాయులు ఇక్కడ కాసేపు ఆగాలి. ఆమె మాటలో దోషం లేదు. పచ్చకామెర్లు, పచ్చని బంగారం, పసుపుపచ్చ అన్నప్పుడు పచ్చ అంటే పసుపు. పచ్చిక, పచ్చని పొలం, ఆకుపచ్చ అన్నప్పుడు ఆకు రంగు. ఆ ఒక్కమాటలో పసుపు, ఆకుపచ్చ రెండూ ఇమిడి ఉన్నాయి. పక్కనున్న మాటను బట్టి, చెప్పే మనిషిని బట్టి మనకు భేదం తెలుస్తుంది. చెప్పే మనిషి పరిచయం లేని షెడ్డులో తెలియదు. నలుపు నీలాల విషయమూ అంతే. కృష్ణుణ్ణి నల్లనివాడంటాము, పటంలో నీలంగా చూస్తాము, మనకెవరికీ ఇబ్బంది కలగదు.

ఆ అబ్బాయి దగ్గరి పాత షేడ్ కార్డు నుంచి కొన్ని రంగుముక్కలు అడిగి తెచ్చి ఎనిమిదో తరగతిలో పెట్టాను. తరగతిలో పదకొండుమంది పిల్లలు. వారి ఇళ్లలో తెలుగు, వీధిలో మరాఠీ, దూరదర్శనిలో హిందీ. ఊదాముక్క చూపించి ఇదేమి రంగు అన్నాను. "పర్పుల్" అన్నారు ఏకకంఠంతో. ఇంకొక పేరు అన్నాను. "జాంభళా" అన్నారు. జాంభూళ్ అంటే మరాఠీలో నేరేడుపండు. ఆ పేరు వారికి పండుతో సహా తెలుసు. మరి తెలుగులో అన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనుక బల్లమీది అమ్మాయి లేచి, "నేరేడు సార్. కానీ అది పండు కదా, రంగు కాదు" అన్నది.

ఆ మాట నాలుగురోజులు నా చెవిలో మెదులుతూనే ఉన్నది. అదే పిల్లకు జాంభళా అన్నప్పుడు పండు రంగుగా మారవచ్చును. ప్లమ్ అన్నప్పుడూ మారవచ్చును. నేరేడు అన్నప్పుడు మాత్రం పండు పండుగానే చెట్టుమీద ఉండిపోతున్నది. మరాఠీ పిల్లలకు చిలక రంగుకు పోపటీ, ఇటుక రంగుకు విటకరీ, బూడిద రంగుకు రాఖాడీ, నెమలిపింఛానికి మోరపిశీ అనే మాటలు పాఠశాలలోనూ సంతలోనూ రోజూ నలుగుతున్నాయి. మనకు చిలకపచ్చ, ఇటుకరంగు, బూడిదరంగు, నెమలికంఠం ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా ఆ మాటలు అంటేనే అవి పిల్లల నోటికి వస్తాయి. నిజం చెప్పాలంటే నా పీరియడ్లో నేర్పితే వచ్చేవి కావు. పరీక్షలో వ్రాస్తారు, మార్కులు వస్తాయి, షర్టు కొనేటప్పుడు మళ్లీ పర్పుల్ అంటారు.

"రంగుల పేర్లు ఇంగ్లీషులో వస్తే చాలదా సార్?" అని ఒక తండ్రి నన్ను అడిగాడు. అడగడంలో తప్పు లేదు. ఆయన కొడుకు రేపు పూణే వెళ్లి ఉద్యోగం చేయాలి. నేను ఆయనకు ఇచ్చిన జవాబు ఇది. మీ అబ్బాయికి ఇంగ్లీషులో వచ్చిన రంగులు ఎనిమిదో పదో. మీ అమ్మగారికి తెలుగులో వచ్చిన రంగులు నలభై ఉంటాయి. రంగుకు పేరు లేనివాడు దుకాణంలో ముందున్నదే తీసుకొంటాడు. ఇప్పుడు ఏ వీధిలో చూసినా తెల్లకార్లు, వెండి వన్నె కార్లు ఎందుకున్నాయో మీరు చెప్పగలరా? తెలుపు ఎండకు చల్లన, మళ్లీ అమ్ముకొన్నప్పుడు ధర పలుకుతుంది అంటారు. అవి మంచి కారణాలే. ఇష్టం అన్న కారణం మాత్రం అందులో లేదు. ఆయన నవ్వి ఊరుకొన్నాడు. ఆయనదీ తెల్లకారే.

మళ్లీ ఆ పెద్దామె కోరిన పసుపుకు వస్తాను. మా ఆవర్‌పూర్ ఉన్న రాజురా ప్రాంతమంతా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. కాబట్టి నిజాములకు చెందిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఒక విధంగా మా పాత ప్రభువుల బండి. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ కోసం పురమాయించిన సిల్వర్ ఘోస్ట్ అది. వెనుక సింహాసనంలాంటి ఎత్తైన ఆసనం అమర్చి ఉంటుంది. బండి చేరకముందే, 1911లో, ఆయన కన్నుమూశాడు. అసఫ్‌జాహీ పతాకం రంగు పసుపు కనుక బండికీ అదే రంగు. చౌమహల్లా భవనానికి పిల్లలను తీసుకొని వెళ్లే ఉపాధ్యాయులు దానిని తప్పక చూపించండి. చూపించి, ఏ పసుపో చెప్పమనండి. కోడిగుడ్డు సొన, కొమ్ముపసుపు, చామంతి, గుమ్మడిపువ్వు, నిమ్మపండు. పిల్లలు పోట్లాడుకొంటారు. పోట్లాడుకోనివ్వండి.

పసుపు మీద నాకు వ్యతిరేకత లేదు. అయితే కాంటెస్సాకు అది తగదని నా తీర్మానం. కోణాలు గల దేహానికి పసుపు వేస్తే అద్దెబండి పోలిక వస్తుంది. దానికి పసుపు చేసిన నేరమేమీ లేదు. కలకత్తా అంబాసిడర్లు, బొంబాయి పద్మినీలు ఆ రంగును టాక్సీలకు వ్రాసి ఇచ్చేశాయి. నల్లని ఒంటికి పసుపు టోపీ పెట్టిన ఆ పద్మినీ టాక్సీలు 2023 అక్టోబరుతో బొంబాయి వీధుల నుంచి తప్పుకొన్నాయి. ఆ రెండు రంగుల జోడీ మాత్రం ఎక్కడ కనబడినా చేయెత్తి ఆపబుద్ధి అవుతుంది.

ఎరుపు అందరికీ మొదట తోచే రంగు. నాకు చివర తోచేది. చంద్రపురం వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండకు పాతకాలపు ఎర్రపూత నాలుగైదేళ్లలో పాలిపోయి, సుద్దపొడి రాలుతూ, పాటలవర్ణానికి దిగేది. పాటలం అంటే తెలుపు కలిసిన ఎరుపు. పద్యాలలో మీకు పరిచయమే. ఇప్పటి పూతలు, పైన వేసే పారదర్శకమైన పొర కొంత కాపాడుతాయి. అయినా మిరపపండు ఎరుపును రోజూ చూడాలంటే కన్ను అలసిపోతుంది.

ఇక వెండివన్నె. రంగులో అల్యూమినియం పొడి కలిపి ఆ మెరుపు తెస్తారు. నా దృష్టిలో అది కారు రంగు వేయించుకోవడం మరచిపోయి బయటికి వచ్చినట్టు ఉంటుంది. బూడిదరంగు అట్లా కాదు. పశువుల సంతకు వెళ్లినవారిని అడగండి. కర్రి అంటే నల్లనిది, పుల్ల అంటే ఎర్రగోధుమ, మైల అంటే బూడిద కలిసిన తెలుపు. మైలకోడె అన్నమాట వినగానే మూపురం, గంగడోలు, బలం అన్నీ కళ్లముందుకు వస్తాయి. కాంటెస్సాకు మైలరంగు పెట్టమని నేను గట్టిగానే సలహా ఇచ్చి ఉండేవాడిని. ఆ ఇంటి కోడలు విని, "మైల అంటే అంటు కదా సార్" అన్నది. నిజమే, ఆ మాటకు ఆ అర్థమూ ఉన్నది. సంత చూడని తరానికి రెండో అర్థమే మిగిలినది.

మా ప్రాంతంలో ఇంకొక పరీక్ష కూడ ఉన్నది, దుమ్ము. ఇది సున్నపురాయి, బొగ్గు, నల్లరేగడి కలిసిన నేల. వేసవిలో రోడ్డు మీద పదిమైళ్లు వెళ్లివస్తే ఏ కారు మీదనైనా సన్నని పొడి పరుచుకొంటుంది. కడిగిన కారును చూసి రంగు ఎంచుకోవడం పెళ్లిచూపులలో మనిషిని ఎంచుకోవడం వంటిది. దుమ్ము పట్టిన తరువాత కూడ ఏ రంగు తన పేరు నిలుపుకొంటుందో చూడాలి. నలుపు ఈ పరీక్షలో మొదటి గంటలోనే తప్పుతుంది. వేలితో గీసిన ప్రతి గీత కనబడుతుంది, పిల్లలు తమ పేర్లు వ్రాస్తారు. (తెలుగులో వ్రాస్తే నేను ఏమీ అనను.) చిలకపచ్చ దుమ్ముకింద జబ్బుచేసినట్టు కనబడుతుంది. ముదురు ఆకుపచ్చ, అంటే 1968 నాటి బుల్లిట్ చిత్రంలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్ కారు రంగు, నిలబడుతుంది. మెరుపు తగ్గించి చూస్తే అది చెరువులో పాచిరంగు. వానకు ముందు చింతచెట్టు రంగు అన్నా సరిపోతుంది. ఆ చిత్రంలో కారుకు బొమ్మలు, చారలు ఏమీ లేవు. అంత బలం ఉన్నవాడికి నగలు అక్కరలేదు. ముక్కు నుంచి తోక వరకు రెండు తెల్లచారలు లాగించుకొనే కుర్రవారికి ఈ మాట రుచించదు.

నా ఓటు పాచిరంగుకు, అది కుదరకపోతే నేరేడు నాలుక రంగుకు. మా అబ్బాయికి ఇదే చెప్పాను. షెడ్డులో కాంటెస్సా అప్పటికి లప్పం పూసుకొని, గరుకుకాగితంతో రుద్దించుకొని, తుప్పు పట్టకుండ వేసే రెడ్ ఆక్సైడ్ పూతతో నిలబడి ఉన్నది. దీపాలు, అద్దాలు, మెరిసే పట్టీలు ఏవీ లేవు. ఒళ్లంతా ఒకటే ఎర్రమట్టి రంగు. పుస్తకభాషలో జేగురు. పక్కన నిలబడి చూస్తున్న ఆ పెద్దామె, "జాజు పూసినట్టున్నది" అన్నది. పండుగకు ముందు ఇల్లు అలికి, గోడ అంచులకు, అరుగులకు ఎర్రమట్టి పూసేవారు చూడండి, అదీ జాజు. ఆ మాట నేను విని ముప్పై ఏళ్లయి ఉంటుంది. కారు వంక చూశాను. ముక్కు బరువు, తుంటి ఉబ్బు, నడుము గీత, అన్నీ ఆ మెరుపులేని ఎరుపులోనే స్పష్టంగా కనబడుతున్నాయి.

"ఇదే రంగులో మెరుపు లేకుండ పైపూత కలపగలవా?" అని మా అబ్బాయిని అడిగాను.

"కలుపొచ్చు సార్. గట్లనే ఇడిస్తె మాత్రం నీళ్లు దిగి తుప్పు పడ్తది, పైన పూత వెయ్యాల్సిందే. ఓనరు ఒప్పుకోవాలె మరి. రంగెయ్యకముందే బండి ఇచ్చిన అంటడు."

పెద్దామె చేతి సంచిలో నుంచి కళ్లజోడు తీసి పెట్టుకొని, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చినది. "నేను చెప్త వానికి" అన్నది.